పాత కథల వేటకు వస్తారా?

ఏమండోయ్, కాస్త ఇటు రండి, ఓ మాట! ఎప్పుడో చదివిన కథొకటి మీ బుర్రలో తిరుగుతూనే ఉంటుంది కదూ? పేరు గుర్తుండదు. రాసిందెవరో అసలే గుర్తుండదు. ఏదో బావిగట్టు, చివర్లో ఓ ఉత్తరం. అంతే! కంగారు పడకండి. నెట్లో ఏ మూలో ఉండే ఉంటుంది. వెతకడంలోనే ఉంది మజా అంతా.

ముందు శ్రీకాకుళం పోదాం. బస్సెక్కక్కర్లేదు లెండి. కారా మాస్టారు, అదే మన కాళీపట్నం రామారావుగారు, 1997లో అక్కడ కథానిలయం పెట్టారు. అచ్చయిన తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని ఆయన పట్టుదల. దాని వెబ్‌సైటు తెరవండి. కథ పేరు, రచయిత, ఏ పత్రిక, వారానిదా నెలదా, ఏ తేదీ, అన్నీ వరసగా ఉంటాయి. కొన్నిటికి స్కాన్ చేసిన పేజీలూ ఉన్నాయి. ఒక్క కథ చూసి లేచిపోదామనుకుంటారు. లేస్తారా? పక్క కథ పేరు ఊరిస్తుంటే ఎవరు లేస్తారండీ!

పత్రికా తేదీ చేతికొచ్చాయా, సగం పని అయినట్టే. ఇక ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద పడండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని ఒకటుండేది, గుర్తుందా? శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంతో పుట్టిన లైబ్రరీ అది. ఆ సైటు మూతపడింది. పుస్తకాలు మాత్రం ఆర్కైవ్‌లో క్షేమంగా ఉన్నాయి.

క్షేమమే కానీ, ఆ పేర్లేమిటండీ! అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరి చేతికొచ్చినట్టు వాళ్లు కొట్టేశారు. ‘కథలు’ అన్న ముక్కనే ఒకరు టి-హెచ్ పెట్టి, ఇంకొకరు డి-హెచ్ పెట్టి, వేరొకరు ఉత్త డి పెట్టి రాస్తారు. మనం మొత్తుకుని లాభం లేదు. అన్ని రకాలుగానూ అడగాలి. ‘శ్రీ’ తగిలించి ఓసారి, పీకేసి ఓసారి. ఎక్కడో తగులుతుంది చూడండి, ఆ క్షణం గెంతాలనిపిస్తుంది!

దొరికాక నేరుగా కథలోకి దూకేయకండి. గ్రంథాలయం వారి గుండ్రటి ముద్ర చూడండి. పేజీ అంచున స్కాన్ చేసినవారి బొటనవేలు! ‘భారతి’ పాత సంచికైతే అమృతాంజనం ప్రకటన కోసం వెతకండి. పత్రిక పెట్టిందీ, ఆ మందు తెచ్చిందీ ఒక్కరే మరి, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

చందమామ ప్రియుల సంగతి చెప్పనే లేదు కదూ? 1947 జులైలో మొదలైన పత్రిక. దాసరి సుబ్రహ్మణ్యంగారి ‘తోకచుక్క’ లాంటి సీరియల్స్ ఆయన పేరు లేకుండానే అచ్చయ్యాయి. మధ్యలో ఒక్క నెల సంచిక దొరక్కపోతే రాకుమారుడు లోయలో వేలాడుతూనే ఉంటాడు! ఒకప్పుడు చందమామ సొంత సైట్లోనే పాత సంచికలు ఉండేవి. ఇప్పుడు లేవు. ఎవరెవరో దాచుకోబట్టి కదా మనం ఇవాళ చదువుకుంటున్నాం!

సైటు పోతే పోయింది, చిరునామా ఉందా మీ దగ్గర? వేబ్యాక్ మెషీన్‌లో అతికించి, పాత సంవత్సరమొకటి నొక్కండి. అదృష్టం బాగుంటే పేజీ లేచి కూర్చుంటుంది. తెలుగు బదులు కొక్కిరి గీతలు కనిపిస్తే బెదరొద్దు. యూనికోడ్ రాకముందు సైటుకో ఫాంటు వాడేవారు. కథ లోపల భద్రంగానే ఉంటుంది. వాటిని మామూలు తెలుగులోకి మార్చడానికి ‘పద్మ’ లాంటి ఉపకరణాలు పుట్టాయి.

అన్నట్టు, అసలు మాట. దొరికిందే తడవుగా దాచుకోండి. రేపు చూద్దాంలే అనొద్దు. 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి ఇంటర్నెట్ ఆర్కైవే కొన్ని రోజులు మూతపడింది. అంత పెద్ద కొట్టుకే తాళం పడ్డాక ఇంకెవరిని నమ్ముతాం? దించుకున్న ఫైలుకి వెంటనే పేరు మార్చండి. రచయిత, కథ, పత్రిక, నెల, సంవత్సరం, అదీ వరస. లేకపోతే బారెడు అంకెల తోకతో ఏ కథ ఏదో ఎలా తెలుస్తుంది? ఓ కాపీ కంప్యూటర్లో, ఓ కాపీ విడిగా. రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులు వారసులవి, అదీ గుర్తుంచుకోండి. కొత్త ముద్రణ బజార్లో ఉంటే హాయిగా కొనుక్కోండి.

ఇంతకీ మీ అటక మీద ఏమున్నాయి? ‘యువ’ దీపావళి సంచికలా! వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రంతోనా! తూకానికి వేసేస్తారా? ఆగండాగండి, నిచ్చెన తెస్తున్నా. నెట్లోకి ఎక్కని కథ వాటిల్లో ఒక్కటి దొరికినా మన పంట పండినట్టే!