మా పల్లెకు తుఫాను ఎప్పుడు తీరం దాటుతుంది?

2023 డిసెంబరు 5. యూనివర్సిటీలో నా గదిలో కూర్చొని పొద్దున్నుంచీ ఫోన్లో మిగ్‌జాం తుఫానునే చూస్తున్నా. ఎక్కడుంది, ఎటు కదులుతోంది, గాలి ఎంత అని వాతావరణ శాఖ బులెటిన్ వెంట బులెటిన్. మధ్యాహ్నం బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది. గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. ఇక బలహీనపడుతుందన్నారు. నేనూ ఊపిరి పీల్చుకున్నా.

రాత్రికి అమ్మకు ఫోన్ కలిసింది.

"దాటిపోయిందంట కదమ్మా!"

"యాడ దాటిందిరా? మన మంచం కిందే ఉంది."

మాది బాపట్ల దగ్గర మాదిగపల్లె. ఊరు మెరక మీద ఉంటుంది, మేము మురుక్కాలవ పక్కన పల్లంలో ఉంటాం. ఊళ్లో నీళ్లు ఒక్క పూటలో దిగిపోయాయి. దిగి ఎటు పోతాయి? మా ఇళ్లల్లోకి. మాకు నీళ్లు తీయడానికి ఐదు రోజులు పట్టింది. అప్పటికి ఫోన్లో తుఫాను లేదు, టీవీలోనూ లేదు.

మిత్రులారా, తుఫాన్లను కనిపెట్టే శాస్త్రాన్ని నేను తక్కువ చేయను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు కనీసం పది వేల మంది పోయారు. ఇవాళ మూడు రోజుల ముందే హెచ్చరిక మొదలవుతుంది. గాలి 62 కిలోమీటర్లు చేరితే తుఫాను, 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను. ఆ లెక్కలే జనాన్ని ముందుగా ఖాళీ చేయించి బతికిస్తున్నాయి. మిగ్‌జాంకు మా పల్లెలో ఎవరూ చనిపోలేదు. అందుకు ఆ శాస్త్రజ్ఞులకు దండం పెడతాను.

గాలిని ఇంత జాగ్రత్తగా కొలిచే దేశం మా ఇంటిని ఎట్లా కొలుస్తుందో చూడండి. 2022లో అమల్లోకి వచ్చి మిగ్‌జాం నాటికి ఉన్న కేంద్ర విపత్తు సాయం నిబంధనల ప్రకారం, మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే లక్షా ఇరవై వేలు. పక్కా ఇల్లయినా కచ్చా ఇల్లయినా అంతే. గుడిసె కూలితే ఎనిమిది వేలు. పాడి గేదె చచ్చిపోతే ముప్పై ఏడున్నర వేలు.

మా ఇంటికి మట్టిగోడలు, పైన రేకులు. తూర్పు గోడ నాని కూలిపోయింది, దాంతో కప్పూ కూలింది. వారానికి నష్టం రాసుకోడానికి ఒకాయన వచ్చాడు. గుమ్మంలోకి కూడా రాలేదు, రోడ్డు మీద నిలబడే 'గుడిసె' అని రాసుకుని పోయాడు. అమ్మకు చదువు రాదు. ఏం రాశాడో నాలుగు నెలల తర్వాతగానీ నాకు తెలియలేదు. ఒక్క మాటకు లక్షా పన్నెండు వేలు తేడా. తుఫాను స్థాయిని 88కీ 89కీ మధ్య తేడా చూసి నిర్ణయిస్తారు. మా ఇంటి స్థాయిని రోడ్డు మీద నుంచి చూసి నిర్ణయించారు.

పొలం పోయినాయనకు పంట నష్టం రాశారు. మంచిదే. ఆ పొలంలో కోతకు పోవాల్సిన అమ్మకూ ఆమె జట్టుకూ పోయిన కూలి దినాలు ఎవరూ రాయలేదు. నీళ్లు తీశాక చేలోకి చైను మిషన్ దిగింది. ఆ ఏడు మా వాళ్లకు కోతే లేదు. జీవనాధారం బాగా దెబ్బతిన్న కుటుంబాలకు సాయం చేయాలని అవే నిబంధనల్లో ఉంది. ఆ సంగతి మాకు చెప్పినవాళ్లు లేరు. చదువుకున్న నేనూ వెతకలేదు. నేను గాలి వేగం చూస్తూ కూర్చున్నా. ఆ తప్పు నాదే.

అందుకే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకో పని చెబుతున్నా. బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం. అది రాకముందే మీ పల్లెలో ఒక నోటుపుస్తకం పెట్టండి. ప్రతి ఇంటికీ తేదీ కనపడేలా ఫొటో తీయండి: గోడ దేనితో కట్టారు, కప్పు ఏమిటి. తుఫాను వచ్చాక నీళ్లు ఏ రోజు వచ్చాయి, ఏ రోజు పోయాయి, ఎన్ని దినాల కూలి పోయింది రాయండి. రాసుకోడానికి వచ్చినవాళ్లు ఏం రాశారో అక్కడే చదివించుకోండి. తప్పయితే ఆ రోజే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

మా పల్లె పుస్తకం మొదటి పేజీలో అమ్మ చెప్పిందే రాశాను: "ఐదో తారీకు నీళ్లొచ్చినయి. పదో తారీకు పోయినయి. గోడ పోయింది."

మిగ్‌జాం మా పల్లెను దాటింది డిసెంబరు 10న.

జై భీమ్.