చించివేసిన ఉత్తరం

ఒక యువకుడు ఒక యువతిని ప్రేమించాడు. ఆమె మనసు అప్పటికే మరొకరికి అంకితమై ఉన్నది. ఆ మరొకరికి రాసిన ఉత్తరాన్ని ఆమె ఈ యువకుని చేతిలోనే పెట్టి, ఎలాగైనా చేర్చమని కోరింది. అతడేం చేయాలి? ఈ ప్రశ్నకు రష్యన్ రచయిత ఫ్యోదర్ దాస్తొయెవ్‌స్కీ 1848లో ఒక సమాధానం చెప్పాడు. నూరేళ్ళు దాటిన తరువాత, 1957లో, ఇటలీ దర్శకుడు లుకీనో విస్కోంతీ అదే కథను తెరకెక్కిస్తూ మరొక సమాధానం చెప్పాడు. పైకి అది చిన్న మార్పు. ఆలోచించిన కొద్దీ పెద్దదవుతుంది.

దాస్తొయెవ్‌స్కీ కథ పేరు 'శ్వేత రాత్రులు'. పీటర్స్‌బర్గ్ నగరం సుమారు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. అక్కడ మే నెలాఖరు నుంచి జూలై నడిమి వరకు సూర్యుడు అస్తమించినా దిగంతానికి చాలా కిందికి దిగడు. అర్ధరాత్రి కూడా ఆకాశం మునిమాపు వేళలా వెలుగుతూనే ఉంటుంది. తెల్లని రాత్రి అనగానే తెలుగు పాఠకుడు పున్నమి వెన్నెలను ఊహించుకుంటాడు. అది వెన్నెల కాదు. చంద్రునితో దానికి నిమిత్తం లేదు. నిద్రపోవలసిన వేళ నిద్రపోనివ్వని వెలుగు అది.

అటువంటి ఒక రాత్రి కాలువ గట్టున, కథలో ఎక్కడా పేరు చెప్పని ఒక స్వాప్నికుడు ఏడుస్తున్న నాస్తెన్కాను చూస్తాడు. అతనికి 26 ఏళ్ళు. ఆ నగరంలో ఇళ్ళతో తప్ప మనుషులతో పరిచయం లేదు. ఆమెకు 17 ఏళ్ళు. చూపులేని అవ్వ, మనుమరాలు ఎక్కడికి పోతుందోనని, ఆమె దుస్తులను తన దుస్తులకు పిన్నుతో గుచ్చి పక్కన కూర్చోబెట్టుకుంటుంది. మేడమీది గదిలో అద్దెకున్న వ్యక్తి ఆమెకు పుస్తకాలిచ్చాడు, అవ్వతో సహా నాటకశాలకు తీసుకువెళ్ళాడు, ఏడాదిలో తిరిగివస్తానని మాట ఇచ్చి మాస్కో వెళ్ళాడు. ఏడాది నిండింది. అతడు నగరానికి వచ్చాడని తెలిసింది, కాని ఆమె వద్దకు రాలేదు. స్వాప్నికుడు ఆమెను ఓదార్చాడు. అతనికి ఉత్తరం రాయమని తానే సలహా ఇచ్చాడు. ఆ ఉత్తరాన్ని అందవలసిన చోట తానే అందజేశాడు. ఆమె సుఖానికి తన చేతులతో బాట వేస్తూ, ఆ బాట తనను దాటి పోతున్నదని తెలిసికూడా, ఆమె పక్కనే కూర్చున్నాడు.

ప్రేమించినవాడే దూతగా వెళ్ళడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. శ్రీనాథుని 'శృంగార నైషధం' చదివినవారికి నలుడు గుర్తుకు వస్తాడు. దమయంతిని ప్రేమించిన నలుడే, ఇంద్రుడు మొదలైన నలుగురు దిక్పాలకుల పక్షాన ఆమె వద్దకు రాయబారం వెళ్ళి, మాట తప్పకుండా వారి సందేశం వినిపించాడు. అయితే దమయంతి మనసు నలునిదే. అతని నిజాయితీకి ఫలం దక్కింది. నాస్తెన్కా దూతకు దక్కలేదు.

ఈ కథను ఇటలీకి తీసుకువెళ్ళడంలో విస్కోంతీకి ఎదురైన మొదటి చిక్కు అనువాదకులందరికీ తెలిసినదే. ఇటలీలో శ్వేత రాత్రులు ఉండవు. మూలంలోని మాటకు సరితూగే మాట భాషలో లేనప్పుడు, మంచి అనువాదకుడు ఆ మాట చేసిన పనిని మరొక మాట చేత చేయిస్తాడు. విస్కోంతీ అదే చేశాడు. లివోర్నో పట్టణాన్ని పోలిన వీధులను, కాలువలను, వంతెనలను రోము నగరంలోని చినెచిత్తా స్టూడియోలో కట్టించాడు. 1948లో నిజమైన జాలరులను నటులుగా పెట్టి, వారి ఊరిలోనే 'భూమి కంపిస్తున్నది' అనే అర్థమిచ్చే పేరుతో చిత్రం తీసిన దర్శకుడు, ఈసారి కావాలనే కృత్రిమ నగరాన్ని నిర్మించాడు. పల్చని వలగుడ్డ తెరల వెనుక దీపాలు మంచులో తడిసినట్లు మసకబారాయి. కాలాన్ని వేసవి నుంచి శీతకాలానికి మార్చాడు. రాత్రికి తెలుపునిచ్చే భారాన్ని ఆకాశం మీదినుంచి తీసి హిమపాతం మీద పెట్టాడు.

పేరులేని స్వాప్నికుడు చిత్రంలో మారియో అయ్యాడు. ఊరికి కొత్తగా వచ్చిన చిరుద్యోగి అతడు. ఆ పాత్రను మార్చెల్లో మస్త్రొయాన్ని ధరించాడు. నాయిక నతాలియాగా మరియా షెల్, అద్దెదారుగా జాఁ మరే నటించారు. నీనో రోతా సంగీతం సమకూర్చిన ఈ చిత్రానికి ఆ ఏడాది వెనిస్ చలనచిత్రోత్సవంలో రజత సింహం లభించింది.

అసలు మార్పు ఉత్తరం దగ్గర జరిగింది. నతాలియా ఇచ్చిన ఉత్తరాన్ని మారియో చేర్చలేదు. చించి కాలువలో పారవేశాడు. దాస్తొయెవ్‌స్కీ యువకుడు చేయని పని అది. కాని తెర ముందు కూర్చున్న ప్రేక్షకులలో చాలామంది, తమ మనసులో ఎప్పుడో ఒకప్పుడు చేసి ఉన్న పని. ఆ క్షణంతో మారియో కథలోని మహానుభావుడు కాకుండా పోయాడు. పక్కింటి మనిషి అయ్యాడు. ఆ తరువాత నతాలియాతో అతడు నవ్వినా, నాట్యశాలలో చేతకాని నృత్యం చేసినా, ఆ కాగితపు ముక్కలు నీటిలో తేలుతూనే ఉన్నట్లు ప్రేక్షకునికి తోస్తుంది. చివరకు తాను చేసినది ఆమెకు చెప్పివేస్తాడు.

నిరీక్షణతో విసిగిన ఆమె అతని ప్రేమను అంగీకరించబోతుంది. సరిగ్గా అప్పుడే మంచు కురుస్తుంది. ఆ కాస్త సేపు ఊరంతా తెల్లబడి, లోకం వారిద్దరి కోసమే కొత్తగా పుట్టినట్లుంటుంది. అంతలో దూరాన ఒక మనిషి నిలబడి కనిపిస్తాడు. నతాలియా పరుగెత్తుతుంది. మారియో ఆమెను ఆపడు, నిందించడు. ఆమె ఇచ్చిన కొద్దిపాటి సంతోషానికి కృతజ్ఞత చెప్పుకుని, మంచులో ఒంటరిగా నడిచిపోతాడు. తోడుగా వీధికుక్క ఒకటి వస్తుంది.

కథలో ఆ రాత్రి తరువాత ఒక ఉదయం ఉన్నది. వాన, మసక వెలుతురు, క్షమించమని వేడుకుంటూ నాస్తెన్కా నుంచి ఉత్తరం. దానిని చదివి స్వాప్నికుడు ఆమెను శపించకుండా దీవిస్తాడు. విస్కోంతీ ఆ ఉదయాన్ని విడిచిపెట్టాడు. నష్టమే కావచ్చు. కాని ఏ తప్పూ చేయనివాడు దీవించడం వేరు, ఒకసారి అసూయకు లొంగి ఉత్తరం చించినవాడు దీవించడం వేరు. రెండవవాడు తనను తాను జయించవలసి వచ్చింది.

ఈ కథ అనేక తెరలకు ఎక్కింది. 1959లో ఇవాన్ పిర్యెవ్ స్వదేశంలోనే తీశాడు. 1971లో రొబేర్ బ్రెసోఁ పారిస్ నగరపు వంతెన మీదికి తెచ్చాడు. 2003లో ఎస్.పి. జననాథన్ తమిళంలో 'ఇయర్కై' పేరుతో ఓడరేవు పట్టణానికి చేర్చి, నాయకుణ్ణి నావికుణ్ణి చేశాడు. దానికి ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. 2007లో సంజయ్ లీలా భన్సాలీ 'సావరియా' కోసం, విస్కోంతీ వలెనే, స్టూడియోలో నీలిరంగు నగరాన్ని నిర్మించాడు. ఎక్కడికి వెళ్ళినా ఈ కథ ముగింపు మారలేదు. ఆమె వెళ్ళిపోతుంది, అతడు వెళ్ళనిస్తాడు.

భారతదేశంలో ఆ ముగింపు కేవలం కథకు సంబంధించినది కాదు. కాదన్న స్త్రీ అవుననే దాకా వెంటపడటమే ప్రేమ అని చెప్పిన చిత్రాలు ఇక్కడి అన్ని భాషలలోనూ నూరు రోజులు ఆడాయి. కాదన్నందుకు ముఖం మీద యాసిడ్ పోసిన వార్తలను ప్రజలు చదివారు. ఆ నేరానికి 2013లో భారత శిక్షాస్మృతిలో ప్రత్యేకంగా ఒక నిబంధన చేర్చవలసివచ్చింది. ప్రేమించాను కనుక ఆమె తనకు బాకీ పడింది అనే లెక్క ఆ క్రౌర్యానికి మూలం. మారియో ఉత్తరం చించిన క్షణంలో అతని చేతిలో ఉన్నదీ ఆ లెక్కే. ఆ లెక్కను కొట్టివేయగలగడమే అతని కథ.

దాస్తొయెవ్‌స్కీ కథలో నాస్తెన్కా మొదటి రాత్రే ఒక షరతు పెట్టింది: తనతో మాట్లాడవచ్చును, తనను ప్రేమించకూడదు. ఆమె ఏదీ దాచలేదు, ఎవరినీ మోసగించలేదు. మాట తప్పినవాడు స్వాప్నికుడే. ఆ సంగతి అతనికి తెలుసు. అందుకే ఆమె వెళ్ళిన తరువాత ఆమె నుంచి పరిహారమేమీ కోరలేదు. ఆమె ఆకాశం నిర్మలంగా ఉండాలని మాత్రం కోరుకున్నాడు.