పాదపసేవ

వృక్షానికి సంస్కృతంలో ‘పాదపం’ అని పేరు. పాదాలతో, అనగా వేళ్ళతో, పానం చేసేది అని వ్యుత్పత్తి. మహాభారత శాంతిపర్వంలో భృగుమహర్షి భరద్వాజునికి వృక్షాల చైతన్యాన్ని నిరూపిస్తూ, అవి వేళ్ళతో నీరు గ్రహిస్తాయనీ, వాటికి వ్యాధులు కలిగి చికిత్సతో ఉపశమిస్తాయనీ, కనుక వాటికి రసనేంద్రియం ఉన్నదనీ బోధిస్తాడు. ఇంట ఒక్క కుండీ ఉన్న గృహస్థుకైనా ఈ బోధ శిరోధార్యం.

వర్షం తక్కువైన పాలమూరు సీమలో అల్పసేవతో తృప్తిచెందే మొక్కలకే ఆదరణ. ద్వారబంధానికి తలక్రిందులుగా వ్రేలాడగట్టిన కలబంద మట్టి లేకుండానే నెలల తరబడి ప్రాణం నిలుపుకుంటుంది. దాని దళసరి పత్రాలు జలాన్ని దాచుకుంటాయి. పత్రరంధ్రాలు పగటి ఎండకు మూసుకొని రాత్రి చల్లదనంలో తెరుచుకుంటాయి. కూర్మం వలె ఇంద్రియాలను ఉపసంహరించే గీతోక్త స్థితప్రజ్ఞుడు ఇక్కడ స్ఫురిస్తాడు.

ఇటువంటి మొక్కలు తరచుగా నశించేది అతిసేవ వల్లనే. కుండీ అడుగున రంధ్రం లేక నీరు నిలిస్తే వేళ్ళకు గాలి అందక కుళ్ళిపోతాయి. తులసికోట విషయంలో ఇది మరీ దుఃఖకరం. ఇంటిల్లిపాదీ ఒకరి తరువాత ఒకరు చెంబెడు నీరు పోస్తారు. కొందరు పాలు కూడా పోస్తారు. తులసి వాడుతుంది. వాడిందని మరింత నీరు పోస్తారు. చివరకు ఎండిపోతే ఇంటికి అరిష్టమని భయపడతారు. అర్చనకు ఉద్ధరిణెడు జలం చాలు. మిగిలిన నీరు, మట్టిని వ్రేలితో పరీక్షించి అంగుళం లోతున పొడిగా ఉన్నప్పుడే పోయాలి. భక్తితో సమర్పించిన జలాన్ని స్వీకరిస్తానని గీత తొమ్మిదవ అధ్యాయంలో అభయమిచ్చిన భగవానుడు దానికి పరిమాణం నిర్దేశించలేదు.

అయితే అల్పసేవ ఉపేక్షగా మారరాదు. మహబూబ్‌నగర్ సమీపాన మూడెకరాలకు పైగా విస్తరించి, ఏడు వందల ఏళ్ళదిగా ప్రసిద్ధమైన పిల్లలమర్రి ఎవరి చేతి నీటినీ ఆశించలేదు. అయినా చెదలు తొలిచివేయగా 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ కూలింది. సందర్శకులను నిలిపివేసి, 2018లో క్రిమిసంహారక ద్రావణాన్ని సెలైన్ సీసాలతో బొట్టుబొట్టుగా ఎక్కించారు. ఊడలను గొట్టాల గుండా నేలకు దించారు. భృగువు చెప్పిన వ్యాధి, చికిత్స రెండూ పాలమూరు ప్రజలు ప్రత్యక్షంగా చూశారు.

కనుక తులసికి ప్రదక్షిణ చేసే వేళ ఆకుల అడుగుభాగాన్ని, కాండం మొదలును, మట్టి తడిని ఒక్కసారి పరికించడం నిత్యనియమం కావాలి. చూచి, నేడు నీరు అవసరం లేదని గ్రహించి చెంబును ప్రక్కన పెట్టడం కూడా పూజాంగమే.

స్వస్తి.