మా నాయన కత్తి

మాది నల్లమలలో చెంచు పెంట. మా ఇంట్ల సామాను తక్కువ, కాని కత్తి లేని రోజు ఉండదు. గడ్డలు చెక్కాలన్నా, వెదురు చీల్చాలన్నా, తీగ కోయాలన్నా అదే. (వార్డెన్ మేడం భయపడొద్దు, కత్తి నా పెట్టెలో లేదు, ఇంట్లనే ఉంది.)

పాత కత్తి అరిగి అరిగి వేలంత అయింది. పోయిన నెల నాయన నన్ను చూడటానికి వచ్చినప్పుడు పాన్‌గల్‌లో కొత్తది కొందామన్నడు. పర్మిషన్ తీసుకుని నేనూ పోయిన. ఒక దుకాణంలో మడత చాకులు తళతళ మెరుస్తున్నాయి. బటన్ నొక్కితే టక్కున తెరుచుకుంటది. ధర 150. కమ్మరి తాత కొలిమి కాడ కత్తి 250. నాయన దగ్గర ఉన్నయి 400, అందులో బస్సు చార్జి కూడా పోవాలె.

"నువ్వు చదువుకున్న పిల్లవు, ఏది కొనాల్నో నువ్వే చెప్పు బిడ్డా" అన్నడు. మా ఇంట్ల నన్ను ఇట్ల అడగడం మొదటిసారి. మెరిసేదే చూపిస్తననుకున్నడేమో.

నేను మడత చాకు పట్టుకుని ఊపి చూసిన. మేకు దగ్గర వదులు ఉంది. తేనె కోసేటప్పుడు నాయన కొండ అంచున తాడు మీద వేలాడుతడు. పైన తాడు పట్టేది మా మేనమామ. మాలో భార్య అన్నదమ్ములే తాడు పట్టాలె. వాళ్లయితే చెల్లె బతుకు చూసి తాడు వదలరని అవ్వ చెప్తది. అంత ఎత్తున చాకు వేళ్ల మీద మూసుకుంటే ఎట్ల? మైనం మడతలో ఇరికితే మళ్లీ తెరుచుకోదు. గట్టిగా తాళం పడే మంచి మడత చాకులు కూడా ఉంటయంట, కాని ఆ దుకాణంలో లేవు.

కమ్మరి తాత కత్తికి మడత లేదు, మేకు లేదు. పాత లారీ కమాను పట్టీ ముక్కను ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచుతడు. ముంచి ఊరుకోడు, మళ్లీ కొంచెం సెగ చూపిస్తడు. లేకపోతే గాజు లెక్క పెచ్చు ఊడుతదంట. మన సోషల్ సార్ కూడా చెప్పారు, నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కును పూర్వం పర్షియా వ్యాపారులు వచ్చి కొనుక్కుపోయేవారట. వాయిసీ అనే దొర అది చూసి రాసింది 1832లో అచ్చయింది. మన కమ్మరుల పని అంత దూరం పోయింది.

"ఇదే నాయనా" అని కమ్మరి కత్తి చూపించిన. నాయన బొటనవేలితో అంచు చూసి, బేరం చేసి 220కి తీసుకున్నడు. పిడి మాత్రం వద్దన్నడు. తన చేతి కొలతకు అడవి కట్టెతో తనే చేసుకుంటడు. గోనె గుడ్డల చుట్టుకొని సాయంత్రం బస్సు ఎక్కిండు.

— 9వ తరగతి విద్యార్థిని