డౌనీలో చూసిన ఆస్పత్రి

లాస్ ఏంజెలెస్ వెళ్తే మనవాళ్లు చూపించే వరస మారదు. హాలీవుడ్, డిస్నీల్యాండ్, ఆ తర్వాత ఆర్టీషియాలో దోసె. ఆర్టీషియాకి కారులో పావుగంట దూరంలో డౌనీ ఉంది. 1953 నాటి మెక్‌డొనాల్డ్స్ ఇప్పటికీ నడుస్తున్న ఊరు, అపోలో కమాండ్ మాడ్యూళ్లు తయారైన ఊరు. అక్కడే ఉంటున్న మా అన్నయ్య కూతురు ఫిజియోథెరపీ చదివింది. "బాబాయ్, మా ఊళ్లో చూడాల్సింది ఇంకోటుంది" అంటూ ఇంపీరియల్ హైవే మీదున్న రాంచో లాస్ అమిగోస్‌కి తీసుకెళ్లింది.

1888లో దిక్కులేనివాళ్ల కోసం కౌంటీ పెట్టిన పూర్ ఫారం ఇది. 1950ల్లో పోలియో రోగులతో, ఐరన్ లంగ్ యంత్రాలతో నిండిపోయింది. మెడ విరిగినవాళ్ల తల కదలకుండా పుర్రెకి బిగించే 'హాలో' చట్రం ఇక్కడి డాక్టర్లు జాక్వెలిన్ పెర్రీ, వెర్నన్ నికెల్ చలవే. పోలియో పోయింది, తుపాకీ వచ్చింది. అమెరికాలో వెన్నుపాము దెబ్బతినడానికి రోడ్డు ప్రమాదాలు, కిందపడటాల తర్వాత మూడో పెద్ద కారణం హింసేనట. మన దగ్గర తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడి కష్టమే, అక్కడ వీధి మలుపులో నిలబడ్డ కుర్రాడికి వస్తోంది.

అలాంటి అబ్బాయే ఒకడు పరిచయమయ్యాడు. ఇరవై దాటలేదు. నడుము కింద స్పర్శ లేదు. తూటా ఇంకా లోపలే ఉంది, తీసినా కాళ్లు రావు కాబట్టి చాలామందికి అలాగే వదిలేస్తారు. మాట్లాడుతూనే చేతులు కుర్చీకి ఆనించి ఒళ్లు పైకి లేపాడు. పదిహేను, ఇరవై నిమిషాలకోసారి అలా లేవాలి. లేకపోతే కూర్చున్నచోట పుండు పడుతుంది, పడ్డట్టు తెలియదు కూడా. అది ముదిరి చీము రక్తంలోకి పాకితే ప్రాణానికే ముప్పు. నాలుగైదు గంటలకోసారి గొట్టం వేసుకుని మూత్రం తనే తీసుకోవాలి. "అది నేర్చుకునేటప్పుడు సిగ్గుతో చచ్చిపోయా" అన్నాడు. చేతులతోనే బ్రేకు, యాక్సిలరేటరు నొక్కే కారు నడపడం మాత్రం ఎప్పుడెప్పుడా అని చూస్తున్నాడు. వయసు మరి!

అంతా బాగానే ఉంది గానీ, తిరిగి వెళ్లాల్సింది ఆ వీధికే. కాల్చినవాళ్లు ఆ చుట్టుపక్కలే ఉన్నారు. స్నేహితులొచ్చి "వాళ్ల సంగతి మేం చూస్తాం" అంటున్నారట. నన్నడిగితే పుండు కన్నా ఆ మాటే ప్రమాదం. ఓక్లాండ్‌లో 1989లో తూటా తగిలి కాళ్లు చచ్చుబడిన షెర్మన్ స్పియర్స్ ఈ బాధ పడ్డవాడే. ఆస్పత్రి మంచం దగ్గరికే వెళ్లి, పగ తీర్చుకోవద్దని కుర్రాళ్లకి నచ్చజెప్పే 'కాట్ ఇన్ ది క్రాస్‌ఫైర్' 1994లో ఆయన చొరవతోనే మొదలైంది. రాంచోలోనూ ఇలాంటి గాయంతో బతుకుతున్నవాళ్లు కొత్తవాళ్ల పక్కన కూర్చుంటారు. డాక్టరు చెబితే తలూపి ఊరుకునే కుర్రాడు, కుర్చీలో ఉన్నవాడు చెబితే వింటాడు.

ఈ అబ్బాయి కూడా స్నేహితుల్ని రావద్దన్నాడట. ఇల్లేమో రెండో అంతస్తు, లిఫ్టు లేదు. వాళ్లమ్మ వేరే పేటలో కింది వాటా కోసం తిరుగుతోంది. అద్దెలు వింటే నాకే కళ్లు తిరిగాయి. డిశ్చార్జికి ఇంకా తొమ్మిది రోజులుంది.