సముద్రం కనపడని బీచ్ రైలు

ఆదివారం పొద్దున్నే తెనాలి స్టేషన్‌కి వెళ్లి చూడండి. ఎవరు పనికెళ్తున్నారో, ఎవరు బీచ్‌కెళ్తున్నారో ఇట్టే తెలిసిపోతుంది. క్యారేజీ పట్టుకుని, బోగీ ఆగే చోట ముందే నిలబడ్డవాళ్లు డైలీ ప్యాసింజర్లు. కూలింగ్ గ్లాసులు పెట్టుకుని, చిప్స్ ప్యాకెట్లతో అటూ ఇటూ పరిగెత్తేవాళ్లు మనం.

తెనాలి నుంచి చీరాల 60 కిలోమీటర్ల లోపే. కానీ ఇది చెన్నై మెయిన్ లైన్ కదా, వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే మన ప్యాసింజర్‌ని పక్కన పెట్టేస్తారు. అలా ఆగినప్పుడే ఎదురు సీట్లో ఆవిడతో మాట కలిసింది. ఊరు నిడుబ్రోలు దగ్గర, పని చీరాల బట్టల షాపులో.

"వాడరేవుకేనా అమ్మా?" అనడిగింది.

"సూర్యలంక పిన్నీ, బాపట్లలో దిగుతాం. మీరు ఎప్పుడైనా వెళ్లారా?"

"పన్నెండేళ్ల నుంచి చీరాల వెళ్తున్నా. వాడరేవు చూసింది రెండుసార్లు. ఆదివారం మీకు సెలవు, మాకు గిరాకీ!"

నవ్వుతూనే అంది. కరోనాకి 2020 మార్చిలో రైళ్లు ఆగిపోయినప్పుడు బస్సుల్లో తిరిగిందట. తర్వాత ప్యాసింజర్లు వచ్చినా ఎక్స్‌ప్రెస్ చార్జీ తీసుకున్నారు, 10 రూపాయల కనీస టికెట్ 30 అయింది. మళ్లీ 10కి దిగింది 2024లోనే. మనకి అది ఒక టీ ఖర్చు. రోజూ రానూ పోనూ లెక్కేస్తే ఆవిడ జీతంలో అదెంతో మీరే చూసుకోండి.

తమాషా ఏంటంటే, ఈ దారిలో ఎక్కడా సముద్రం కనపడదు. పొలాలు, తాటిచెట్లు అంతే. బాపట్లలో దిగి ఆటో ఎక్కితే సూర్యలంక దాదాపు 9 కిలోమీటర్లు. తీరం చూడ్డానికి చాలా మెత్తగా ఉంటుంది. దాన్ని నమ్మకండి. పోలీసులు విజిల్ వేస్తే బయటికి వచ్చేయండి, రీల్ తర్వాతైనా తీసుకోవచ్చు.

దిగకుండా కూర్చుంటే తర్వాత స్టువర్టుపురం. సినిమాల్లో దొంగల ఊరుగా చూసుంటారు. బ్రిటిష్‌వాళ్లు ఎరుకల తెగ మొత్తాన్నీ నేరస్తుల జాబితాలో వేసి, 1910లలో కట్టిన సెటిల్‌మెంట్ అది. స్టేషన్ బోర్డు చూసి జోకులేసేవాళ్లు ప్రతి బోగీలోనూ ఉంటారు. ఆ జోకు వినపడేంత దూరంలో ఆ ఊరివాళ్లూ కూర్చుంటారు.

చీరాల దాటితే వేటపాలెం. ఎండ ఎక్కువైందనిపిస్తే బీచ్ మానేసి అక్కడి సారస్వత నికేతనం లైబ్రరీకి వెళ్లండి, 1918 నాటిది. జీడిపప్పు కొనకుండా రావడం మాత్రం కష్టం.

సాయంత్రం తిరుగు బండిలో కాలు పెట్టే చోటు లేదు. తడి బట్టలతోనే మేం నలుగురం ఎలాగో సీటు పట్టేశాం. పరుచుకుని కూర్చున్నాం, బ్యాగులు కూడా పక్కనే. తల తిప్పితే తలుపు దగ్గర పొద్దుటి పిన్ని. రోజంతా షాపులో నిలబడి, ఇప్పుడు ఇక్కడా నిలబడే ఉంది. బ్యాగులు తీసి రమ్మంటే వచ్చి, సీటు మీద తడి చూసి కాసేపు ఆగింది. కొంగుతో తుడుచుకుని కూర్చుంది. ఏమీ అనలేదు. మాకు తల కొట్టేసినట్టయింది.

నిడుబ్రోలులో దిగేముందు అడిగింది, "నీళ్లు బాగున్నాయా?"

ఫోన్లో ఫొటోలు చూపిస్తుండగానే బండి కదిలింది.