గల్ఫ్ రోడ్డు మీద ఒక ఈల

ఫిబ్రవరి 25, 26 తేదీల్లో గల్ఫ్ రోడ్డు మీదకి కారు తియ్యాలంటే కువైట్‌లో ఉన్నవాళ్ళెవరైనా రెండుసార్లు ఆలోచిస్తారు. మొదటిరోజు జాతీయ దినోత్సవం, రెండోది 1991లో ఇరాక్ సైన్యం నుంచి ఈ దేశం బయటపడ్డ రోజు. మేముండేది సాల్మియాలో. మొన్న 26న పిల్లల పోరు పడలేక బయల్దేరాం. కువైట్ టవర్స్‌కి మామూలుగా పావుగంట దారి. ఆ రోజు గంటన్నర పట్టింది. ఒకవైపు సముద్రం, మరోవైపు దీపాల తోరణాలు, కారు కిటికీల్లోంచి పిల్లల తలలు, జెండాలు.

చాలా కార్లలో ఒకటే పాట, 'వతన్ అల్ నహార్'. 'పగటివెలుగు దేశం' అని చెప్పుకోవచ్చు. విముక్తి తర్వాత అబ్దుల్ కరీమ్ అబ్దుల్ ఖాదర్ పాడిన పాట అది. ఆయన 2023లో చనిపోయారు, పాట మాత్రం ప్రతి ఫిబ్రవరిలో వీధి వీధినా వినిపిస్తూనే ఉంది. అంత రొదలోనూ పక్క కారులోంచి సన్నగా ఒక ఈల వినబడింది. గుత్రా కట్టుకున్న ఓ పెద్దాయన స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. అది మా మామ ఈల!

మా మామది రాజంపేట. 1988లో ఏసీ మెకానిక్‌గా కువైట్ వచ్చాడు. ఫర్వానియాలో ఒకే గదిలో ఎనిమిదిమంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చిపడింది. రావలసిన జీతం, దాచుకున్న డబ్బు అన్నీ వదులుకుని బస్సులో బాగ్దాద్, అక్కణ్ణించి జోర్డాన్ సరిహద్దు, ఎడారిలో గుడారాలు, చివరికి అమ్మాన్‌లో ఎయిర్ ఇండియా విమానం. ఆ రెండు నెలల్లో లక్షా డెబ్భై వేలమందికి పైగా మనవాళ్ళు అలాగే ఇల్లు చేరారు. మామ బొంబాయిలో దిగి, మద్రాసు రైలెక్కి, ఒక్క చేతిసంచితో రాజంపేట స్టేషన్లో దిగాడు. అప్పటికి నాకు రెండేళ్ళు.

అప్పులు తీరే దారిలేక 1992లో మళ్ళీ ఇక్కడికే వచ్చాడు. 1994లో సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు టూ-ఇన్-వన్ తెచ్చాడు. ఘంటసాల క్యాసెట్ల మధ్య ఒక్కటే ఇంగ్లీషు క్యాసెట్, గదిలో ఉండే గోవా ఆయన ఇచ్చింది. అందులో ఒక పాట ఈలతో మొదలవుతుంది. మామకి ఇంగ్లీషు రాదు, ఈల మాత్రం అచ్చంగా పట్టేశాడు. "చీకటిపడ్డాక ఈల వెయ్యొద్దురా, పాములొస్తాయి" అని అమ్మమ్మ కేకలేసేది. ఆ పాడేవాళ్ళ పేరు స్కార్పియన్స్, అంటే తేళ్ళు అని తెలిసివుంటే ఇంకేమనేదో!

"ఇది మా కువైట్ పాట పాపా, గాలి మారినప్పటి పాట" అనేవాడు మామ. ఆ గోవా ఆయన యుద్ధమంతా ఇక్కడే ఉండిపోయాడట. ఇరాక్ సైన్యం వెళ్తూ వెళ్తూ ఆరువందలకు పైగా చమురు బావులకి నిప్పు పెట్టింది. పెద్దదైన బుర్గాన్ క్షేత్రం నగరానికి దక్షిణాన ఉంది. దక్షిణపు గాలి వీస్తే నల్లపొగ నగరం మీదకొచ్చి, మిట్టమధ్యాహ్నం కార్లు లైట్లు వేసుకుని తిరిగేవి. ఉత్తరపు గాలికి మళ్ళితే సూర్యుడు కనబడేవాడు. చివరి బావి ఆర్పింది 1991 నవంబరు 6న. అన్నాళ్ళూ పొద్దున లేచి గాలి ఎటు వీస్తోందో చూసుకున్నవాళ్ళకి 'విండ్ ఆఫ్ చేంజ్' అనే పేరు చెవినపడితే ఎలా ఉండి ఉంటుందో ఊహించండి.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక తేదీలు వెతుక్కుంటూ కూర్చున్నాను. బీయస్సీ ఫిజిక్సు చదివిన బుద్ధి ఎక్కడికి పోతుంది? చూస్తే, ఆ పాటకి కువైట్‌తో సంబంధమే లేదు.

స్కార్పియన్స్ జర్మనీలోని హానోవర్ వాళ్ళు. 1988లో లెనిన్‌గ్రాడ్‌లో పది కచేరీలు చేశారు. 1989 ఆగస్టు 12, 13 తేదీల్లో మాస్కో లెనిన్ స్టేడియంలో జరిగిన సంగీతోత్సవంలో పాడారు. కాపలాకి నిలబడ్డ సైనికులే స్టేజీ వైపు తిరిగి టోపీలు ఎగరేశారని గాయకుడు క్లాస్ మైనే చెప్పాడు. ఒక సాయంత్రం రకరకాల దేశాల కళాకారులూ సోవియట్ సైనికులూ ఒకే పడవలో మాస్క్వా నది మీద గోర్కీ పార్కుకి వెళ్ళారట. అక్కడ పుట్టింది పాట. బెర్లిన్ గోడ ఇంకా కూలలేదు. ఆల్బమ్ 1990 నవంబరులో వచ్చింది, మామ రాజంపేట చేరిన తర్వాత. ఈల తీసెయ్యమని కంపెనీవాళ్ళంటే తీసేసి చూశారట, పాటలో ప్రాణం పోయిందట. అలా ఆ ఈల నిలిచింది.

మర్నాడు సాయంత్రం మామకి ఫోన్ చేశాను. చెప్పాలా వద్దా అని మధ్యాహ్నమంతా తర్జనభర్జన పడ్డాను. పందొమ్మిదేళ్ళు ఇక్కడ చేసి, 2011లో షుగరు జబ్బుతో ఇల్లు చేరిన మనిషి. విముక్తి రోజున గల్ఫ్ రోడ్డు సంబరం ఒక్కసారీ చూడలేదు, ఎప్పుడూ డ్యూటీయే. ఆయనకి ఈ దేశం నుంచి మిగిలిన ముచ్చట ఆ పాట ఒక్కటే. తేదీలు తప్పని చెప్పి నేను బావుకునేదేముంది? కానీ దాచడానికి నోరు ఊరుకోలేదు.

"మామా, ఆ పాట కువైట్‌ది కాదంట. మాస్కో గురించి రాసిండారు."

అవతల కాసేపు మాట లేదు. నా గుండె జారింది.

"అట్లనా పాపా? అయితే వాళ్ళకీ మారిండాదన్నమాట గాలి."

అంతే! జర్మనీవాళ్ళు దాన్ని బెర్లిన్ గోడ పాటగా చేసుకున్నారనీ, 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆ మైనేనే మాస్కో మాటలు తీసేసి ఉక్రెయిన్ కోసం మార్చి పాడాడనీ చెప్పాను. "రాసినాయనే మార్చుకున్యాడా? మరి నాదేముంది తప్పు?" అని నవ్వాడు.

తర్వాత అడక్కుండానే ఈల వేశాడు. ఊపిరి చాలక మధ్యలో రెండుచోట్ల తెగింది. మావాడు పరిగెత్తుకొచ్చి "అమ్మా, నిన్న పక్క కారులో పాట!" అన్నాడు. ఇక్కడింకా ఎండ ఉంది, రాజంపేటలో అప్పటికే చీకటి పడి ఉంటుంది. పాములొస్తాయని కసిరే అమ్మమ్మ ఇప్పుడు లేదు. మామ పాట పూర్తయ్యేదాకా ఫోన్ పెట్టలేదు.